మోకీలు మార్పిడి ఆపరేషన్‌కు ఇంటి పెద్దను సిద్ధం చేయడం ఎలా

ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరు గారు వివరిస్తున్నంత సేపూ ఆయన చూపు కొడుకు మీదే ఉంటుంది, కొడుకు చూపు ఎక్స్‌రే మీద ఉంటుంది, ఆ మోకాళ్లు ఎవరివో ఆ తల్లి మాత్రం పక్క కుర్చీలో కూర్చుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ ఉంటుంది. ఎముకల వార్డులో నర్సుగా పనిచేస్తూ ఈ దృశ్యాన్ని నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. బయటికి వచ్చాక "డాక్టరు గారు ఏమన్నారు?" అని ఆమె అడిగితే, "ఏం లేదమ్మా, చిన్న ఆపరేషను, అంతా మేం చూసుకుంటాం" అంటారు ఇంటివారు. ప్రేమతోనే అంటారు. కానీ తర్వాత నొప్పిని ఓర్చుకుంటూ కాలు మడిచి చాపవలసింది, వాకర్ పట్టుకుని తొలి అడుగు వేయవలసింది ఆమే కాబట్టి, ఏం జరగబోతోందో అందరికంటే ముందు తెలియవలసింది కూడా ఆమెకే. సిద్ధం చేయడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందు ఆమెకు అర్థం కావాలి

మన ఊళ్లలో ఈ ఆపరేషన్‌ను "చిప్పలు మార్చడం" అంటారు. సగం భయం ఆ మాటలోనే ఉంది. ఒక పెద్దావిడ ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నన్ను మంచం దగ్గరికి పిలిచి, "కోసేసిన కాలు మాకే ఇచ్చేస్తారా సిస్టరమ్మా?" అని మెల్లగా అడిగింది. మోకాలి దగ్గర కాలు తీసేసి ఇనుప కాలు అమరుస్తారని ఆమె మూడు వారాలుగా అనుకుంటోంది, ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోకుండానే అన్ని పరీక్షలూ చేయించుకుంది, వేలిముద్ర కూడా వేసింది. ఇంటివారికి గానీ మాకు గానీ ఆ సంగతి అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే మేమెవరమూ ఆమెను అడగలేదు.

జరిగేది ఇది. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస కలిసే చోట నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. మనవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అనేది ఆ పొర గురించే. అది అరిగి ఎముకకు ఎముక ఒరుసుకుంటున్నప్పుడు, అరిగిన ఆ కొసలను కొద్ది మిల్లీమీటర్ల మందాన చెక్కి, పై ఎముక కొసకు లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు పలక, ఆ రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల అమరుస్తారు. చెడిన పంటిని పీకేయకుండా, పై భాగాన్ని అరగదీసి తొడుగు వేసినట్టే అనుకోవచ్చు. చిప్పను పూర్తిగా తీసేయరు. కొందరిలో దాని లోపలి వైపున మాత్రం ఒక ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు, మరికొందరిలో దాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తారు. కండరాలు, నరాలు, చర్మం అన్నీ ఆమెవే. అందుకే ఆపరేషన్ తర్వాత వ్యాయామం చేసినవారి కాలు బాగా మడతపడుతుంది, చేయనివారి కాలు బిగుసుకుపోతుంది.

ఇలా చెప్పిన తర్వాత "అర్థమైందా?" అని అడగకండి. మన పెద్దవాళ్లు అర్థం కాకపోయినా మర్యాద కోసం తల ఊపుతారు. "సాయంత్రం పిన్ని ఫోను చేస్తే ఏం ఆపరేషనని చెబుతావమ్మా?" అని అడిగి, ఆమె మాటల్లోనే చెప్పించండి. ఎక్కడ తడబడితే అక్కడే మళ్లీ చెప్పాలి. ఆమెకు వచ్చే ప్రతి సందేహాన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి, తర్వాతి సారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆమె చేతనే అడిగించండి. నొప్పి ఎన్నాళ్లుంటుంది, రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తారా విడివిడిగానా, ఇప్పుడు చేయించుకోకుండా మందులతో, వ్యాయామంతో, బరువు తగ్గించుకుని కొంతకాలం నెట్టుకురావచ్చా అన్న ప్రశ్నలు అందులో తప్పక ఉండాలి. ఇది గుండెపోటు వంటి అత్యవసర పరిస్థితి కాదు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది, ఆమె ఇప్పుడే వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి.

అంగీకార పత్రం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పూర్తి స్పృహలో, సొంతంగా నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న పెద్దల తరఫున బంధువులు సంతకం చేస్తే సరిపోదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఆ కేసులో ఒక మహిళ పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకుంటే, ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించారు. ఒక చికిత్సకు ఇచ్చిన అనుమతి మరొక దానికి చెల్లదని కోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి పత్రాన్ని తెలుగులో అడగండి, తెలుగులో లేకపోతే చదివి వివరించమనండి, ఖాళీలు వదిలేసిన కాగితం మీద సంతకం చేయనివ్వకండి, ఏ కాలికి ఆపరేషనో కుడి ఎడమలతో సహా రాశారా అన్నది కళ్లారా చూడండి.

ముందరి నెల రోజులు

ఇంట్లో ఉన్న మందులన్నిటినీ ఒక సంచిలో వేసి, చీటీ రాసుకుని కాదు, ఆ సంచినే మత్తు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు, అంటే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి, ఎవరికి ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టర్లే నిర్ణయించాలి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఎవరో చెప్పారని వాటిని సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. షుగర్‌కు వాడే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను సాధారణంగా 3 రోజుల ముందే ఆపిస్తారు. బీపీ మాత్రల్లో కొన్నిటిని ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, కొన్నిటిని ఆ రోజుకు మానమంటారు. ఏది ఏదో కాగితం మీద రాయించుకోండి.

ఆ సంచిలో నాటుమందు పొట్లాలు, కషాయాలు, కీళ్లనొప్పులకని పేరు లేని సీసాల్లో తెచ్చుకున్న గుళికలు కూడా ఉండాలి. డాక్టరు తిడతారని చాలామంది వీటిని దాచిపెడతారు. అలాంటి కొన్ని గుళికల్లో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఉంది, అది మత్తు మీద, గాయం మానడం మీద, షుగర్ మీద ప్రభావం చూపుతుంది. మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకుని 3 నెలలు దాటకపోతే ఆ సంగతి తప్పనిసరిగా చెప్పాలి. ఆ గడువు లోపల ఆపరేషన్ చేస్తే కీలులో ఇన్‌ఫెక్షన్ వచ్చే ముప్పు పెరుగుతుంది కనుక సర్జన్లు తేదీని వెనక్కి జరుపుతారు.

లోపల అమర్చిన లోహానికి చీము పట్టడమే ఈ ఆపరేషన్‌లో మేము అన్నిటికంటే ఎక్కువగా భయపడే విషయం. అందుకే పుచ్చిపళ్లు, మూత్రంలో మంట, కాలివేళ్ల సందుల్లో ఒరుపు, ఒంటి మీద గడ్డలు వంటివి ముందుగానే నయం చేసుకోవాలి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంకె 8 దాటితే, దాన్ని తగ్గించుకుని రమ్మని చాలామంది సర్జన్లు చెబుతారు. అలా వాయిదా వేశారని నిరుత్సాహపడనక్కరలేదు, అది మీ మేలు కోరి వేసిన వాయిదా. చుట్ట, బీడీ, సిగరెట్టు కనీసం 4 వారాల ముందు మానేస్తే గాయం త్వరగా మానుతుంది, ఊపిరితిత్తులకూ మేలు.

వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టించండి. మంచం మీద కాలు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరాన్ని బిగించి 5 అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకు 10 సార్లు చాలు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం కూడా నేర్పండి. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కష్టం, ముందే అలవాటైతే ఒళ్లు దానంతట అదే చేస్తుంది.

తేదీ ఖాయం చేసేటప్పుడే మంగళవారం, అమావాస్య, వర్జ్యం వంటి పట్టింపులు ఉంటే సర్జన్‌కు చెప్పేయండి. వీలైనంతవరకు సర్దుబాటు చేస్తారు, రోగి మనసు కుదుటపడితే మాకూ మంచిదే. అన్నీ సిద్ధమయ్యాక ముందురోజు రాత్రి ముహూర్తం బాగాలేదని చెప్పడం మాత్రం న్యాయం కాదు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. ఆపరేషన్ రోజుకు విమానం దిగి, పదో రోజున తిరిగి వెళ్లిపోయేలా సెలవు పెట్టుకుంటారు చాలామంది. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు మేము ఉంటాం. తోడు నిజంగా కావలసింది ఇంటికి వెళ్లాక, నాలుగు నుంచి ఆరు వారాల పాటు. సెలవు తక్కువగా ఉంటే డిశ్చార్జి రోజు నుంచి మొదలయ్యేలా పెట్టుకోవడం మేలు. తల్లిని మనవల దగ్గరికి అమెరికా తీసుకెళ్లే ఆలోచన ఉంటే, తొలి వారాల్లో దూర ప్రయాణాల వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది కనుక, ఎప్పుడు ఎక్కవచ్చో సర్జన్‌ను అడిగిన తర్వాతే టికెట్ కొనండి.

డబ్బు సంగతి సూటిగా మాట్లాడుకోవాలి. ఆరోగ్యశ్రీ, లేదా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో పథకం కిందికి వస్తుందా అని అక్కడి ఆరోగ్యమిత్రను ముందుగా అడగాలి. ప్రైవేటు బీమా పాలసీల్లో చాలావాటికి మోకీలు మార్పిడికి తొలి రెండు మూడేళ్ల వేచి ఉండే గడువు ఉంటుంది, అది దాటిందో లేదో చూసుకోవాలి. కృత్రిమ కీళ్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది. కాబట్టి కీలు రకం, కంపెనీ, ధర బిల్లులో విడిగా చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

ఇల్లు సర్దడం

ఆపరేషన్ తర్వాత నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం కొత్త కీలుకు మంచివి కావు. మన ఇళ్లలో సగం పనులు పీట మీద, నేల మీద జరిగేవే కనుక ముందుగానే మార్పులు చేయాలి. ఇండియన్ మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ కొనండి, గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు, జారని చాప వేయండి. మంచం, కుర్చీ ఎత్తు మోకాలి కంటే కొంచెం పైకే ఉండాలి, కుర్చీకి చేతులు ఉండాలి. కాళ్లకు తగిలే పట్టాలు, వైర్లు తీసేయండి. పూజ చేసుకోవడానికి ఎత్తు బల్ల ఏర్పాటు చేస్తే ఆమెకు కొండంత తృప్తి. నేల మీద కూర్చోలేకపోతే దేవుడికి దూరమైపోతానేమోనని కన్నీళ్లు పెట్టుకున్నవారిని నేను చూశాను.

ముందురోజు, ఆ ఉదయం

తలస్నానం చేయించండి. మోకాలి దగ్గర వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయించకండి. కంటికి కనిపించని గాట్లు పడి సూక్ష్మజీవులు చేరతాయి, అవసరమైతే మేమే క్లిప్పర్‌తో తీస్తాం. గోళ్ల రంగు తుడిచేయాలి. రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పును వేలికే పెడతాం కనుక ఆ వారం గోరింటాకు కూడా వద్దు. కట్టుడు పళ్లు, కదిలే పళ్లు ఉంటే చెప్పండి.

బంగారం ఇంట్లోనే తీసి వెళ్లాలి. మంగళసూత్రం, మెట్టెలు తీయమన్నప్పుడు మనసు కష్టపడడం సహజం, దాన్ని తేలికగా తీసిపారేయకూడదు. థియేటర్‌లో రక్తస్రావం ఆపడానికి కరెంటుతో పనిచేసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉందని కారణం వివరించండి. పసుపు కొమ్ము కట్టిన తాడు ఉంచుకోవచ్చా అని ముందే అడిగితే చాలా చోట్ల ఒప్పుకుంటారు. మెట్టెలు ఏళ్ల తరబడి వేలికి బిగుసుకుపోయి ఉంటాయి, సబ్బు నీళ్లతో ముందురోజే తీయండి. థియేటర్ గుమ్మం దగ్గర లాగి తీయడం ఆమెకు బాధ.

పరగడుపు గురించి నేను కాస్త ఎక్కువగానే చెబుతాను. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నుకుని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణాంతకం. సాధారణంగా తేలికపాటి తిండి 6 గంటల ముందు, నూనెలో వేయించినవి, మాంసం వంటివి 8 గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగనిస్తారు. మీ ఆసుపత్రి ఏ సమయం చెబితే అదే పాటించండి. ఇక్కడ తప్పు జరిగేది ఎక్కడంటే టీ దగ్గర. పాలు కలిసిన టీ, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు, తిండి లెక్కలోకి వస్తాయి. ఒకసారి తెల్లవారుజామున మా వార్డులో ఒక పెద్దాయనకు తలనొప్పిగా ఉందని భార్య జాలిపడి ఫ్లాస్కులోంచి అర గ్లాసు టీ ఇచ్చింది. థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు నేను అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆపరేషన్ మధ్యాహ్నానికి, అక్కడి నుంచి మర్నాటికి జరిగింది. ఆవిడ ఆ రోజంతా అపరాధిలా మూలన కూర్చుంది. అసలు తప్పు మాది. "ఏమీ తినకూడదు" అని మాత్రమే చెప్పాం, టీ పేరెత్తి చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను టీ, కాఫీ, పాలు, మజ్జిగ అని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతున్నాను. మీరూ అలాగే చెప్పండి. పొరపాటున తాగేస్తే దాచకుండా చెప్పమనండి, ఎవరూ కోప్పడరు.

థియేటర్‌లో ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి

గది చల్లగా ఉంటుంది, అందరూ మాస్కులతో ఉంటారు, పైన పెద్ద దీపాలు ఉంటాయి. ఆపరేషన్ చేసే కాలి మీద పెన్నుతో గుర్తు పెడతారు. పేరేమిటి, ఏ కాలు అని వేర్వేరు మనుషులు మళ్లీ మళ్లీ అడుగుతారు. వీళ్లకు తెలియదా అని ఆమె కంగారుపడకుండా, అది కావాలని అడిగే ప్రశ్న అని చెప్పి ఉంచండి. మత్తుకు ముందు, కోతకు ముందు, బయటికి తెచ్చే ముందు మూడుసార్లు సరిచూసుకునే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తయారుచేసింది, ఆ ప్రశ్నలు దాని నుంచి వచ్చినవే.

ఈ ఆపరేషన్‌కు ఎక్కువగా నడుముకు సూది ఇస్తారు. నడుము కింది భాగం కొన్ని గంటలు మొద్దుబారుతుంది, కాళ్లు తనవి కానట్టు అనిపిస్తాయి, తర్వాత స్పర్శ వస్తుంది. ఆ సూదితో జీవితాంతం నడుంనొప్పి వస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం ఉంది గానీ దానికి ఆధారం లేదు. కొద్దిమందికి తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి అయితే సిస్టర్‌కు చెప్పాలి. సుత్తితో కొడుతున్న శబ్దాలు వినిపించవచ్చు, వద్దనుకుంటే నిద్ర మందు ఇమ్మని అడగవచ్చు.

బయట వేచి ఉన్నవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ గంటన్నర అన్నా, మత్తు ఇవ్వడానికి, తర్వాత రికవరీ గదిలో ఉంచడానికి కలిపి మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. ఆలస్యమైతే ఏదో జరిగిందని అర్థం కాదు.

తర్వాతి రోజులు

అదే రోజు గానీ మర్నాడు గానీ వాకర్‌తో నిలబెడతారు. "అప్పుడే లేపుతారా!" అని ఇంటివారు అడ్డుపడకూడదు, త్వరగా లేపడం వల్లనే రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. నొప్పి మాత్రలు ఓర్చుకోలేని స్థితి వచ్చాక కాదు, చెప్పిన వేళకు ఇవ్వాలి. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టకండి, కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. పెట్టదలిస్తే మడమ కింద పెట్టండి.

పెద్ద వయసువారిలో కొందరు ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రాత్రులు తికమకపడతారు. ఒకావిడ అర్ధరాత్రి లేచి, ఎన్నో ఏళ్ల కిందట పోయిన భర్తకు అన్నం పెట్టాలని మంచం దిగబోయింది. కూతురు బెంబేలెత్తిపోయింది. ఇది పిచ్చి కాదు, ఎక్కువమందిలో తగ్గిపోతుంది. వెంటనే సిస్టర్‌కు చెప్పి, కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టి, దీపం వేసి, తెలిసిన మనిషి చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడాలి.

ఇక పత్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, పెరుగు కూడదని చెప్పి, గాయం మానవలసిన ఆ రోజుల్లోనే చారన్నంతో సరిపెట్టేస్తారు. ఈ నమ్మకం పెద్దల ఆప్యాయత నుంచి వచ్చినదే అయినా, దీని వల్ల జరిగే నష్టం నన్ను చాలా బాధపెడుతుంది. కోత మానడానికి, కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉన్నాయి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. మూత్రపిండాల జబ్బు వంటి కారణంతో డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప అన్నీ పెట్టండి. అత్తగారో పిన్నిగారో ఒప్పుకోకపోతే, డిశ్చార్జి రోజు వారిని వెంట తెచ్చి డాక్టరు నోట చెప్పించండి.

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. కోత పక్కన బయటి వైపు చర్మం మొద్దుబారినట్టు ఉండడం, నడిచేటప్పుడు టిక్కుమనడం, కొన్ని నెలల పాటు సాయంత్రానికి వాపు రావడం మామూలే. కోత నుంచి రసి కారడం, ఎర్రదనం పాకడం, జ్వరం, పిక్కలో నొప్పితో వాపు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయాలి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెనొప్పి వస్తే 108కి చేయాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఈ మాటలను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రి ఫోను నంబరుతో పాటు, మంచం మీద నుంచి ఆమెకు కనిపించేలా గోడకు అంటించండి.